నన్ను కలపని ట్యూబు

నేను ఒక పగబట్టిన యాంటీబాడీని. తప్పుగా అనుకోకండి, పట్టుదల నా పుట్టుకతో వచ్చిన గుణం. ఒకే ఒక్క గుర్తును జ్ఞాపకం పెట్టుకోవడం, అది కనబడితే పట్టుకోవడం, పట్టుకున్నాక వదలకపోవడం, ఇంతకు మించి నాకే విద్యా రాదు. మీలో ఇలాంటివాళ్లను మొండిఘటాలంటారు. నన్ను మాత్రం ఏరికోరి తెప్పించుకుంటారు.

నా వంశం ఒక ఎలుకతో మొదలైంది. ఆ ఎలుకకు ఎవరూ దణ్ణం పెట్టలేదు, అది నా మొదటి పగ. తరవాత సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో నన్ను పెంచి, వడగట్టి, ఆకుపచ్చగా మెరిసే రంగు తగిలించారు. మీ రక్తంలో రోగం సోకిన కణాలను చంపే తెల్లకణాలుంటాయి. వాటి ఒంటిమీది గుర్తే నాకు తెలిసిన గుర్తు. నేను వాటికి అతుక్కుంటాను. ఫ్లో సైటోమీటర్ అనే యంత్రం కణాలను ఒక్కొక్కటిగా నీలికాంతి ముందు నడిపిస్తుంది. నేనున్న కణం పచ్చగా మెరుస్తుంది, యంత్రం లెక్కపెడుతుంది. వెలుతురు సోకితే నా రంగు వెలిసిపోతుంది. అందుకే చల్లటి చీకటిలోనే నా కాపురం.

చిటికెన వేలంత సీసాలో, ఐసుపెట్టెలో పడి హైదరాబాదు చేరాను. ప్రొఫెసర్ చిదంబరరావుగారి ల్యాబు. ఒక అడవి తీగ రసం ఆ చంపే కణాలను మూడింతలు చేస్తుందని ఆయన నమ్మకం. నమ్మకం ముందు పుట్టింది, పరీక్ష తరవాత పుట్టింది. ఆ పరీక్షలు చేసేది సలోమి, బాపట్ల నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని. నన్ను తీసే ముందు గదిలో దీపాలు ఆర్పేది. అంత మర్యాద నాకు ఇంకెవరూ చెయ్యలేదు.

రసం కలపని రక్తంలో నేను వందకు ఇరవై రెండు కణాలను పట్టుకున్నాను. కలిపిన రక్తంలోనూ ఇరవై రెండే. ఐదేళ్లు, సీసాలు మారినా, ఎన్నిసార్లు చేసినా అంతే. ఉన్నదే చెప్పాను.

చిదంబరరావుగారికి ఒళ్లు మండింది. ఒకనాడు నా సీసాను కిటికీ దగ్గర ఎండలో ఎత్తి పట్టుకుని, "ఇది చచ్చిన సరుకు. లేదా నీ చెయ్యి మంచిది కాదు," అన్నారు. ఎండకు నా రంగు కొంత పోయింది. దాన్నయినా క్షమించేదాన్నేమో. కానీ తరవాతి మాట విన్నాను. "నెలాఖరుకు మన పని చూడ్డానికి కమిటీ వస్తుంది. రసం పని చెయ్యకపోతే ఐదేళ్లుగా నువ్వు చేసింది తప్పని నేనే చెప్తాను. నీ పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ రద్దు చేయిస్తాను."

సలోమి ఆయన చేతిలోంచి నా సీసాను తీసుకుంది. నన్ను చీకట్లో పెట్టి తలుపు వేసింది. ఆ చీకట్లోనే నేను పగబట్టాను.

దసరా సెలవులకు ముందు రోజు ల్యాబులో ఆయుధపూజ చేశారు. యంత్రానికి దండ వేశారు, మైక్రోస్కోపులకు బొట్లు పెట్టారు. చిదంబరరావుగారు రసం సీసా మూతి చుట్టూ తన చేత్తోనే పసుపు రాసి, ఆ చెయ్యి కడుక్కోకుండానే మూత తీసి, రక్తంలో రసం పోశారు. "ఈసారి నా చేత్తో చేస్తా, చూడు," అన్నారు. సాయంత్రం నన్ను కలిపి యంత్రంలో పెట్టారు. వందకు తొంభై ఒకటి పచ్చగా మెరిశాయి!

ల్యాబంతా చప్పట్లు. నేను పట్టుకున్నవి ఇరవై రెండే. మిగతావాటిని నేను తాకనైనా లేదు. పసుపు కూడా నీలికాంతిలో పచ్చగా మెరుస్తుందని ఆ పెద్దమనిషికి తోచలేదు. నేను చెప్పని అబద్ధానికి నన్నే సాక్షిని చేశాడు!

ల్యాబు అటెండరు యాదగిరి, అందరూ వెళ్లాక, సలోమి దగ్గరికొచ్చాడు.

"అమ్మా, సారు పసుపు చెయ్యితోటే మూత తీసిండు. నేను జూసిన. గని నేను చెప్పిన్నని చెప్పకు. నా నౌకరి పోతది."

"మీ పేరు నేనెందుకు చెప్తాను, అన్నా? ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసేట్టు చేద్దాం."

సెలవులయ్యాక కమిటీ వచ్చిన రోజు, ఆమె తెల్లవారుతూనే ఒక ట్యూబు సిద్ధం చేసింది. పసుపు రాసిన ఆ సీసాలోని రసం, రక్తం. అంతే. నా సీసాను మూత తెరవకుండా ఐసుపెట్టెలోనే ఉంచింది. చాలా మెచ్చుకున్నాను.

ఐసుపెట్టె మూతలోంచి నాకు మాటలే వినబడ్డాయి. చిదంబరరావుగారు ఆ ట్యూబులో నేనున్నాననుకుని యంత్రం మీట నొక్కి, "చూడండి మేడమ్! ఎనభై ఎనిమిది! ఈ అమ్మాయి చేతిలో ఐదేళ్లు రానిది నా సీసాతో వచ్చింది!" అన్నారు. సంతోషం పట్టలేకపోతున్నారు. కమిటీ పెద్ద కమలిని మేడమ్ అడిగారు.

"ఇందులో యాంటీబాడీ ఎంత కలిపావమ్మా?"

"కలపలేదండీ."

"అంటే?"

"రక్తం, సారు పసుపు రాసిన సీసాలోని రసం, అంతేనండీ. పసుపు తగలని కొత్త సీసాలోని రసం పోసిన ట్యూబు కూడా ఉంది, చూడండి."

కమలిని మేడమ్ దాన్నీ యంత్రంలో పెట్టించి, "ఇది మెరవలేదు," అన్నారు. ఆమె కలం మూత తీసిన చప్పుడు వినబడింది. ఆ చప్పుడు ఎంత రుచిగా ఉందో! ఆ మధ్యాహ్నమే కమిటీ ఇరవై రెండు అనే లెక్క కింద సంతకాలు పెట్టింది. సలోమి చదువు నిలిచింది. నా చివరి చుక్కలను ఆమె మరో పరీక్షకు వాడుకుని, సీసాను పసుపుపచ్చ చెత్తసంచిలో వేసింది.

నాలుగో రోజున చిదంబరరావుగారు ఒంటరిగా వచ్చి, ఆ సంచిలో చెయ్యి పెట్టి నన్ను వెతికి తీశారు. శుభ్రంగా గ్లవుజులు తొడుక్కున్నారు. అడుగున ఒక్క చుక్కైనా మిగిలిందేమోనని నన్ను దీపానికి ఎదురుగా ఎత్తి, ఆడించి, మళ్లీ ఎత్తి చూశారు. రసం పని చేస్తుందని ఇంకొక్కసారి రుజువు చేసుకోవాలని! ఆ ముఖం అప్పుడు దగ్గరగా చూశాను. నిద్ర లేక కళ్లు లోతుకు పోయాయి. జాలి పడాల్సిన ముఖమే.

నాకు జాలి కలగలేదు.