ముట్టుకోకుండా లెక్కపెట్టిన సారు

బడి తనిఖీకి వచ్చిన విచెత్ సారు పట్నం నుంచి తెచ్చిన పెట్టెలో పది ప్లాస్టిక్ ఆపిల్ పండ్లు, ఒక కట్ట అంకెల అట్టలు, ఆయన మొహం తుడుచుకునే తువ్వాలు ఉన్నాయి. మా లంకలో ఆపిల్ చెట్టు లేదు. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు మరి.

బడి అంటే మా ఇంటి కింది చోటే. స్తంభాల మీద నిలబెట్టిన ఇల్లు కాబట్టి కింద చల్లగా ఉంటుంది. అక్కడ ఫల్లా పిన్ని చాప పరిచి తొమ్మిదిమంది చిన్నపిల్లలకు చదువు చెబుతుంది. ఈ పిల్లలకు లెక్క రాదని సారు కాగితం మీద రాస్తే చాలు, బడి మూసేస్తారు. అప్పుడు ఐదేళ్లవాళ్లు మెకాంగ్ నది దాటి అవతలి ఒడ్డు బడికి పోవాలి. వానాకాలంలో ఆ పడవలో పెద్దవాళ్లే అంచులు పట్టుకుని నోరు మూసుకుని కూర్చుంటారు.

సారు చాప మీదికి బూట్లతోనే వచ్చారు.

"ఏమ్మా, పిల్లలకి లెక్కలు దేంతో చెప్తావ్?"

"మొక్కజొన్న కంకులతో సార్," అంది పిన్ని.

"కంకులతోనా." ఆయన నవ్వారు. "సరే, తెప్పించు. చూద్దాం మీ శాస్త్రం."

అమ్మమ్మ బుట్ట తెచ్చి చాప మీద బోర్లించి, వెళ్లి ఉయ్యాలలో కూర్చుంది. అమ్మమ్మ నలభై ఏళ్లుగా కంకులు అమ్ముతోంది. మా వైపు కంకులైనా మామిడికాయలైనా నాలుగేసి లెక్క. నాలుగింటిని ఒక డంబ అంటాం. చేతికి రెండు, రెండు చేతులకు నాలుగు. నాలుగు దాకా చూపుకే తెలిసిపోతాయని, ఐదోది రాగానే కన్ను తడబడుతుందని అమ్మమ్మ అంటుంది. పిన్ని నేర్పేదీ అలాగే. ముందు చూడమంటుంది, తర్వాత ముట్టుకోమంటుంది. నోరు తెరవమనేది చివర్న.

సారు నోటితోనే మొదలుపెట్టారు. చొక్కా చేతులకు కంకి పీచు అంటుతుందని కాబోలు, వంగకుండా, కుప్ప మీద పెన్సిలు గాలిలో ఆడిస్తూ పెదవులు కదిపారు.

"ఇరవై మూడు. రాసుకో పాపా."

పాప అంటే నేను. నాకు పదహారేళ్లు. దస్తూరీ బాగుంటుందని పిన్ని నన్ను రాయడానికి కూర్చోబెట్టింది. కొత్తవాళ్ల ముందు నా గొంతు పెగలదు. రాయడమైతే చేయగలను.

మొదట రుమ్దుల్‌ను పిలిచారు. దానికి ముందు పళ్లు రెండూ ఊడాయి. కుప్ప చుట్టూ ఒకసారి తిరిగి, కూర్చుని, చేతికి రెండేసి తీసి పక్కన పేర్చింది.

"ఆరు డంబలు తాతా."

"తాత కాదు, సార్."

"ఆరు డంబలు తాత సార్."

"ఇది బజారు కాదు. ఆరు నాలుగులు ఇరవై నాలుగు. బజారు లెక్క ఒప్పుకున్నా తప్పే. సున్నా. కుప్ప కలిపేయ్."

ఆరు వరుసలూ ఆయన బూట్ల ముందే ఉన్నాయి. ఆయన ఫోను చూసుకుంటున్నారు.

తర్వాత వచ్చిన ఎనిమిదిమందీ పేర్చారు, ఆరే అన్నారు. ప్రతిసారీ ఆయన ఫోనులోంచి తల ఎత్తకుండా కలిపేయమన్నారు.

"చూశావామ్మా? తొమ్మిదిమందీ ఒకటే తప్పు. బట్టీ పట్టించావన్నమాట."

తొమ్మిదిమంది ఒకటి చెప్పి, తానొక్కరే ఇంకోటి చెప్పినప్పుడు తప్పెవరిదో అని ఆయనకు అనుమానమైనా రాలేదు. అంత నమ్మకం ఎలా వస్తుందో నాకు తెలియదు. బహుశా పట్నంలో నేర్పుతారేమో.

"సార్, ఒక్కసారి మళ్లీ..." అంది పిన్ని.

"పన్నెండేళ్లుగా నా పని ఇదే."

పిన్ని తల దించుకుంది. ఆమె జీతం కాగితం మీద కూడా ఆయన సంతకమే ఉండాలి.

"రాయి పాపా. తొమ్మిది సున్నాలు."

కలం గడిలో పెట్టాను. సున్నా సగం గీసి ఆపేశాను. పడవలో రుమ్దుల్ ఎక్కడ కూర్చుంటుందా అని ఆలోచన వచ్చింది.

"మీరు ముట్టుకోలేదు సార్," అన్నాను.

"ఏంటి?"

రెండోసారి అవసరమైన దానికన్నా గట్టిగా వచ్చింది. "ముట్టుకోకుండా లెక్కపెట్టారు. అడుగున ఉన్నది మీకు కనబడలేదు."

"పెద్దవాళ్లతో ఇలాగేనా మాట్లాడేది?" ఆయన నన్ను కాదు, పిన్నిని అడిగారు.

ఉయ్యాలలోంచి అమ్మమ్మ అంది. "పిల్ల మాట అలా ఉంచండి బాబూ. ఒక్కసారి చేత్తో తీయండి. పీచుదేముంది, కడిగితే పోతుంది."

ఆయన గొంతుకూర్చుని, చచ్చిన ఎలుకను ఎత్తినట్టు రెండు వేళ్లతో ఒక కంకి ఎత్తారు. "ఒకటి."

పిల్లలు ఆట అనుకున్నారు. "రెండు," అని అందుకున్నారు. ఒక్కొక్కటిగా లెక్కపెట్టమని అప్పటిదాకా ఎవరూ వాళ్లను అడగలేదు. పదహారు దగ్గర ఆయన ఆయాసపడ్డారు, వాళ్లు ఆగలేదు. ఇరవై మూడు అయ్యేసరికి చాప మీద ఒక కంకి మిగిలింది. ఆయన దాన్ని తీయలేదు.

"ఇరవై నాలుగు," అని పిల్లలే తీసి ఆయన చేతిలో పెట్టారు. కంకులు అయిపోతే ఒకరి మోకాళ్లు ఒకరు తడుముతూ ముప్పై దాటారు.

"ఒక్కటే కదా తేడా," అన్నారు సారు. లేచి, మోచేతుల దాకా దులుపుకుని, చెప్పడం మొదలుపెట్టారు. "రాయి. 'పరిశీలకుడి ప్రత్యక్ష మార్గదర్శకత్వంలో పిల్లలు ఇరవై నాలుగు వరకు లెక్కించడం నేర్చుకున్నారు. బడి కొనసాగించవచ్చు.' రాశావా?"

"రాశాను సార్."

సగం సున్నా కొట్టేసిన చోట ఆయన చిన్న సంతకం పెట్టారు, కింద పెద్దది.

సారు ఎక్కిన పడవ మలుపు తిరిగాక పిన్ని నా దగ్గరికి వచ్చింది. "ఏం రాయించాడో మళ్లీ చదువు."

చదివి వినిపించాను. ఆమె నవ్వలేదు.

"సంతకం ఉందా?"

"రెండున్నాయి."

"అయితే ఆయనే నేర్పాడనుకో. రేపు పిల్లల్ని పెందలాడే రమ్మని చెప్పు."