తాడు మెలి

టీచరమ్మ భుజం ఎముక అతుక్కోవడానికి మూడు నెలలు పట్టింది. ఎముకైతే అతుక్కుంది గాని కుడిచేతికి బలం సగమే తిరిగొచ్చింది. సుద్దముక్క పట్టుకోవడానికి ఆ సగం చాలు. తెరచాప తాడు లాగడానికి చాలదు.

ఆమె బడి ఉప్పుటేటికి అవతలి ఒడ్డున ఉంది. లాంచీ తొమ్మిదిన్నరకు గాని కదలదు, బడి గంటేమో తొమ్మిదికే. అందుకే పదకొండేళ్లుగా తన చిన్న పడవలో తనే తెరచాప ఎత్తి నడుపుకుంటూ వెళ్ళొచ్చేది. ఇప్పుడు హెడ్మాస్టరు, ఇవతలి ఒడ్డు ఆఫీసులో కాగితాల పని చూసుకోమని మర్యాదగానే కబురు పెట్టాడు. భర్త కూడా అదే మేలన్నాడు. ఆమె ఎవరితోనూ వాదించలేదు. సోమవారానికి బడిలో ఉంటానని మాత్రం చెప్పింది. అప్పటికి గురువారం.

మూడు నెలలు వాడకపోవడంతో పడవ తాళ్ళన్నీ ఉప్పు పట్టి ఎండుపుల్లల్లా బిగుసుకుపోయాయి. వాటిని ఇంటికి మోసుకొచ్చి స్నానాలగది తొట్టెలో మంచినీళ్ళలో నానేసింది. ముందుగదిలో మిషను కుట్టుకునే ఆడపడుచు స్నానానికెళ్ళి, వెళ్ళినంత వేగంగా తిరిగొచ్చింది. ఆవిడ నోరు ఆవిడ కత్తెర కన్నా పదును.

“వదినా, ఈ ఇంట్లో ముందు స్నానం మనుషులదా, మోకులదా?”

“మోకులదే. నువ్వు రేపు చేద్దువుగాని.”

శుక్రవారం పడవల మేస్త్రిని కలిసింది. తెరచాప అడుగు వాసానికీ పడవకీ మధ్య తాడు ఇప్పుడు రెండు వరసలే నడుస్తోందనీ, ఇంకో రెండు గిలకలు వేసి నాలుగు వరసలు చేస్తే బరువు సగమవుతుందనీ అతను చెప్పాడు. కాకపోతే లాగాల్సిన తాడు రెట్టింపవుతుంది, కొత్తది కావాలి. “లాగడం గురించి కాదమ్మా నా భయం. గాలి విసిరినప్పుడు వదిలితే తాడు చప్పున జారాలి, లేకుంటే పడవ ఒరిగిపోతుంది, అది చూసుకో,” అన్నాడు. గిలకలు అతనే బిగించాడు. తాడు పట్టి ఉంచే బిగింపు పళ్ళు అరిగిపోయి ఉంటే అదీ మార్చాడు. కొత్త తాడు ఆమె ఎక్కించుకుంది.

శనివారం ఏట్లోకి దిగుతుంటే ఆడపడుచు కూడా ఎక్కి కూర్చుంది. ఒంటిచేతి మనిషిని ఒంటరిగా పంపితే అన్నయ్యకు తను జవాబు చెప్పుకోవాలట. సగం దూరం హాయిగా సాగింది. తాడు వెన్నలా వస్తోంది. అంతలో గాలి ఒక్క విసురు విసిరింది. టీచరమ్మ తాడు వదిలేసింది. అది జారలేదు. మెలిపడి గిలకలో ఇరుక్కుంది. పడవ ఒరిగి నీళ్ళు లోపలికొచ్చాయి. ఆమె చుక్కానిని ఒంటితో నెట్టి ముక్కును గాలికి ఎదురు తిప్పింది. చాప టపటప కొట్టుకుంది, పడవ నిలబడింది. ఒడ్డు చేరేదాకా ఇద్దరూ చెంబులతో నీళ్ళు తోడుతూనే ఉన్నారు.

రేవులో మేస్త్రి, ఇక మానుకోమన్నట్టు తల అడ్డంగా ఊపాడు. అయినా టీచరమ్మ తాడంతా బయటికి లాగి పరిచింది. ఆడపడుచు వంగి చూసింది.

“దీన్ని చుట్టలోంచి ఎలా తీశావు?”

“చుట్ట కింద పెట్టి, పైనుంచి లాక్కుంటూ.”

“అదీ సంగతి. అలా తీస్తే ఒక్కో చుట్టుకీ ఒక్కో మెలి పడుతుంది. దారమైనా అంతే, రీలు తిరగాలి గాని దారం తిరగకూడదు. ఇంత చదువు చదివావు, ఈపాటి తెలియదా?”

టీచరమ్మకు కోపం రాలేదు. మేస్త్రి మోటారు పడవ వెనక తాడు ఒక కొస కట్టి, రెండోది వదిలేసి, ఏటి పొడుగునా లాగించింది. నీళ్ళలో తిరిగి తిరిగి మెలికలన్నీ విడిపోయాయి. కొసలు పీచుపీచవకుండా ఆడపడుచు మైనం దారంతో చుట్టి కుట్టింది.

ఆదివారమంతా రేవు పక్కనే లాగడం, వదలడం. పదిహేనోసారి తాడు మళ్ళీ ఆగింది. చూస్తే ఒక గిలక వంకరగా ఉంది. సరిచేసి మళ్ళీ మొదలుపెట్టింది. వరసగా ఇరవైసార్లు జారాకే ఇల్లు చేరింది.

సోమవారం ఒక్కతే బయల్దేరింది. లాగాల్సిన తాడు రెట్టింపు కావడంతో, మలుపు తిప్పడానికి మునుపటికన్నా ముందే తాడు అందుకోవాల్సి వచ్చింది. నడి ఏట్లో గాలి విసిరింది. వదిలింది. తాడు సర్రున జారింది. పడవ ఒడ్డుకు కాస్త గట్టిగానే తగిలింది గాని, ఆమె ఎనిమిదీ యాభైకి బడి మెట్లెక్కింది. భుజం సలుపుతోంది.

హెడ్మాస్టరు ఆమె తడిసిన బట్టల వంక చూసి, మూడో తరగతికి మొదటి పీరియడ్ లెక్కలని చెప్పాడు. ఆమె సుద్దపెట్టె ఎడంచేత్తో అందుకుని నడిచింది.