ముక్కు నిండా బొడిపెలు

మా ఆయన ముప్పై ఏళ్లు కటౌట్లు వేశారు. ఎలాంటి నాయకుడైనా ఆయన చేతిలో పడితే పదేళ్లు తగ్గి, పాలుగారే బుగ్గలతో లేచి నిలబడాల్సిందే. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని మూలపడ్డాక, యాభై అయిదో ఏట, ఆయిల్ రంగుల్లో ముఖాలు వేయడం నేర్చుకుంటానని ఒక మాస్టారి దగ్గర చేరారు. ఈ వయసులో ఇదేం పిచ్చి అని నేను సణగని రోజు లేదు.

మాస్టారు ఒక పాత చిత్రం అచ్చుప్రతి ఇచ్చారు. అయిదువందల ఏళ్ల కిందట ఇటలీలో వేసిందట. ఒక ముసలాయన, ఒళ్లో మనవడు. ముసలాయన ముక్కు నిండా బొడిపెలు. "దీన్ని ఉన్నదున్నట్టు దించు. ఆ తర్వాతే బతికున్న మనిషి జోలికి వెళ్లు" అన్నారట.

"ఇది అవగానే నీ బొమ్మే" అన్నారు మా ఆయన. చిన్నప్పుడు వేడినూనె పడి నా ఎడమ బుగ్గ ముడుచుకుపోయింది. పెళ్లి ఫోటోల్లో కూడా పక్కకే తిరిగి ఉంటాను. నన్నూ నున్నగానే వేస్తారులే అని సర్దిచెప్పుకున్నాను.

ఆ కాలపు పద్ధతిలో ముందు ముఖమంతా ఆకుపచ్చ పూసి, ఆరాక దానిమీద చర్మం రంగు పల్చగా పొరలు పొరలుగా వేయాలి. నెలల తరబడి మా ముందుగదిలో ఆకుపచ్చ తాత కాపురమున్నాడు. తీరా పూర్తయ్యాక చూస్తే, ముక్కు కోటేరు వేసినట్టుంది. మాస్టారు కత్తితో గీకేశారు. "నిన్ను వైద్యం చేయమన్నానా, చూడమన్నానా?"

రెండోసారీ అదే గతి. మూడోసారి మా ఆయన భూతద్దం పెట్టుకుని కూర్చున్నారు. ఎగతాళి చేద్దామని వెళ్లి, అక్కడే నిలబడిపోయాను. ముక్కు ఎలా ఉండాలో అలాగే ఉంది. పిల్లాడు ఆ ముఖం వంకే చూస్తున్నాడు. వాడి చూపులో ఏవగింపు లేదు, జాలీ లేదు. ఇష్టం ఒక్కటే ఉంది. అదంతా మా ఆయన చేతికి వచ్చింది. ఎంత గర్వం వేసిందో చెప్పలేను. చెబితే నెత్తికెక్కుతారని చెప్పలేదు కూడా.

మాస్టారు సరేనన్నారు. మర్నాడే నన్ను కూర్చోమన్నారు మా ఆయన. కుడి బుగ్గే కనబడేలా కుర్చీ గోడవైపు తిప్పుకున్నాను.

"ఇటునుంచే వేయండి."

"నీ ఇష్టం."

అరగంటైనా కుంచె ముట్టలేదు.

"ఏంటండీ ఆ చూపు?"

"చూడటమే కదా నేర్చుకుంది."

తలతిప్పి చూశాను. తాత ఒళ్లో పిల్లాడి చూపే అది. లేచి కుర్చీ ఇటు తిప్పి, ఎడమ బుగ్గ వెలుగులోకి వచ్చేలా కూర్చున్నాను.

"నున్నగా వేశారో, మీ మాస్టారితో చెప్పి గీకిస్తాను" అన్నాను.