మంచివైపు ఎటు

మిషనమ్మ పదో తరగతి లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పింది. అది గట్టెక్కితేనే పై ఊళ్లో కుట్టు టీచర్ల శిక్షణకు తీసుకుంటారు. ఈ ఏడాదితో వయసు గడువు సరి. పరీక్షకి ఇంకా నలభై రోజులున్నాయి.

వీధిలో అందరికీ ఆమె మిషనమ్మే. ముందుగది కుట్టుపనికి, వెనకగది వంటకూ అత్తగారి మంచానికీ సరిపోయాయి. పుస్తకం ఎక్కడ పెట్టినా గంట తిరక్కుండా దాని మీద ఎవరిదో ఒక చొక్కా గుడ్డ పడేది.

"చదువుకోడానికి చోటు కావాలి" అంది ఒక పొద్దున.

"చోటు బుర్రలో ఉండాలి గానీ ఇంట్లో ఉంటే వస్తుందా?" అంది అత్తగారు.

"బుర్రలో ఉందత్తయ్యా. దాని చుట్టూ గోడే లేదు."

బీరువాకీ గోడకీ మధ్య టేపు పెట్టి కొలిచింది. మూడున్నర అడుగులు. పాత స్టూలు, దాని ముందు రెండు డబ్బాల మీద ఓ చెక్క, ఎదురుగా గడియారం. ఫోను గుండీల డబ్బాలో వేసి అత్తగారి చేతికిచ్చింది. మిగిలిన నీలం గుడ్డతో తెర కుట్టి వేలాడదీసింది. రోజూ రెండింటి నుంచి నాలుగింటి దాకా తెర వెనకే.

మొదటి రోజు నాలుగింటికి బయటికొచ్చేసరికి భర్త నవ్వుతూ అడిగాడు. "లెక్క తేలిందా?"

"అంచు తేలింది" అంది ఒళ్లు మండి.

తెర మంచివైపు బయటికే పెట్టింది, ఇరవై ఏళ్ల చేతి అలవాటు. లోపల కూర్చుంటే కుట్లూ, వేలాడే దారప్పోగులూ సరిగ్గా కళ్లెదుటే. త్రిభుజం గీయబోయి ఒక పోగు తుంచింది. పోగు తుంచితే పక్క కుట్టు వంకరగా కనబడింది. నాలుగయ్యేసరికి అంచంతా విప్పి మళ్లీ చేత్తో కుట్టేసింది!

మర్నాడు తెర తిరగేసి కట్టింది.

"అయ్యో రాత! వచ్చినవాళ్ల ముఖాన కుట్లా? మిషనమ్మ ఇంట్లో తెరే తిరగబడిందంటే గుడ్డలెవరిస్తారే?"

"ఇన్నేళ్లూ మంచివైపు వచ్చినవాళ్లకే చూపించానత్తయ్యా. రెండు గంటలు నన్ను చూసుకోనివ్వండి."

అత్తగారు తెర అంచు వేళ్లతో నలుపుతూ నిలబడింది. "పాసయితే ఏడాది పాటు అక్కడే ఉండాలటగా."

అసలు బాధ అదీ. ఆ ఇంట్లో ఎవరు ఊరికి బయల్దేరినా ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడేది. ఆ తర్వాత రెండు రోజులు ముద్ద దిగేది కాదు. తనని చూడొచ్చిన ఇద్దరు అక్కల్నీ, పెనిమిటినీ ఆ గుమ్మంలోంచే పంపింది. ముగ్గురిలో ఒక్కరూ తిరిగి రాలేదు.

అబద్ధం చెబితే ఆ క్షణానికి తేలికే. మిషనమ్మ చెప్పలేదు. "అవునత్తయ్యా. ఉండాలి" అని లోపలికెళ్లి కూర్చుంది.

ఆ రోజు నాలుగు లెక్కలు వచ్చాయి. వారం తిరిగేసరికి మొత్తం పదకొండు.

ఆ మర్నాడు మధ్యాహ్నం రెండున్నరకి వీధి చివరి కొట్టతను ప్యాంటు పట్టుకుని వచ్చాడు. "మిషనమ్మా!" అని కేక. ఆమె చెయ్యి దానంతటదే తెర మీదికి పోయింది.

"ఇంట్లో లేదు" అంది అత్తగారి గొంతు.

"చెప్పులిక్కడే ఉన్నాయిగా పెద్దమ్మా?"

"చెప్పులుంటే మనిషున్నట్టా? చదువుకి పోయింది. నాలుగింటికి రా."

అతను గొణుక్కుంటూ వెళ్లాడు. తెర అవతల టిక్కు టిక్కుమని కత్తెర చప్పుడు. అత్తగారు తనవైపు వేలాడే తెర పోగులు ఒక్కొక్కటే కత్తిరిస్తోంది.

"ఉన్నదాన్ని పట్టుకుని లేదనేశారేంటత్తయ్యా?"

కత్తెర ఆగింది.

"ఏడాదంతా చెప్పాల్సిన మాట కదుటే. ఇప్పట్నుంచీ నోటికి అలవాటు చేసుకుంటున్నా" అంది అత్తగారు. "నువ్వు లేవు. మాట్లాడకు. లెక్క చూసుకో."

మిషనమ్మ పెన్సిలు చెక్కుకుని పన్నెండో లెక్క ఎత్తుకుంది.