షరతు ఏడు లోపల ఏముంది

పసిపిల్లల వార్డులో మందెక్కించే కొత్త యంత్రం సాయంత్రం నాలుగింటికి మొదలవుతుంది. దాని ప్రోగ్రాం రాసిన ఆఫీసులో కొత్తమ్మాయికి ఒక చిల్లర పని మిగిలింది: షరతులకు పేర్లు పెట్టడం. చేరి మూడేళ్లయినా వాళ్లకామె ఇంకా కొత్తమ్మాయే.

అక్కడ ఒకే కూడికను బరువులకూ, ద్రవాలకూ, గంటలకూ పనికొచ్చేలా రాస్తారు. దానిలోకి ఎలాంటి విలువలను రానివ్వాలో చెప్పేదే షరతు. తొలిరోజుల్లో పెద్దాయన వాటికి పేర్లకు బదులు అంకెలు వేశాడు. అదే అందరికీ అలవాటైపోయింది. మందుల లెక్కలన్నిటికీ కాపలా షరతు ఏడు.

“ఏడంటే ఏడే. ఇన్నేళ్లలో దాని మీద ఎవరైనా పోట్లాడారా?” అన్నాడు పెద్దాయన.

“పేరు పెట్టాలంటే అదేం అడుగుతుందో తెలియాలి కద సార్?”

“కొలత ఒకటేనా అని చూస్తుంది. మిల్లీగ్రాముల్లో మిల్లీలీటర్లు కలవనివ్వదు. లోపలంతా మీ అక్కే రాసింది.”

అందరూ అక్కా అని పిలిచే సీనియరు పక్క బల్ల నుంచి తలెత్తింది. “నేనా? బాగుంది వరస! అంకె వేసింది మీరు. లోపల నింపింది కూడా మీరేననుకున్నా!”

కొత్తమ్మాయి షరతు ఏడు తెరిచింది. రెండు బ్రాకెట్ల మధ్య ఒక్క అక్షరం లేదు.

“సార్, ఇది ఏదొచ్చినా రానిస్తోంది.”

ఆమె ‘ఒకే కొలతవి మాత్రమే’ అని పేరు పెట్టి, ఆ మాటే లోపల షరతుగా రాసి, ప్రోగ్రాం నడిపింది. ఒకచోట ఎర్రగీత తేలింది. పసిపిల్లల మోతాదు దగ్గర. మిల్లీగ్రాముల మందుకి మిల్లీలీటర్ల నీళ్లు కూడి, వచ్చిన మొత్తాన్ని మందు కిందే లెక్కకడుతోంది. పరీక్షల్లో ప్రతిసారీ నీళ్లు సున్నా అని పెట్టారు. అందుకే లెక్క ఏనాడూ తప్పలేదు.

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన ఫోనందుకుని వార్డుకి కలిపాడు.

“సిస్టర్, ఆ యంత్రం మొదలుపెట్టకండి!”

“డాక్టరుగారు ముందే పెట్టెయ్యమన్నారండీ. పాపకి ట్యూబు తగిలిస్తున్నా, ఒక్క నిమిషం.”

“తియ్యమ్మా! ముందు తీసెయ్!”

అవతల ఏదో లోహం గలగలమంది.

“తీశానండీ. మందింకా ఎక్కలేదు. ఏమైంది?”

పెద్దాయన ఫోను కొత్తమ్మాయి చేతిలో పెట్టి కుర్చీలో కూలబడ్డాడు.

“తప్పు మాదేనమ్మా,” అందామె. “పాపకి ఇవాళ మీ చేత్తోనే కొలిచి ఎక్కించండి.”