మొదటి లైను

కాలువ పొడవునా మూడు చోట్లా సైరన్ మోగితే తప్ప గేటు ఎత్తనని ఇంజినీరు తెగేసి చెప్పాడు. జలాశయంలో నీళ్లు అంచుదాకా వచ్చేశాయి. దిగువన జనం బట్టలుతుక్కుంటున్నారు.

సైరన్ మోగించే స్క్రిప్టు, అంటే ఆ చిన్న కంప్యూటర్ ప్రోగ్రాము, వదిన రాసిందే. ఆమె కూర్చునే ఆఫీసు కంప్యూటర్లో ఏళ్లుగా మాట పడకుండా పనిచేసింది. ఇవాళే మొదటిసారి గట్టు మీది మూడు సైరన్ గదుల్లోకి, మూడు రకాల కంప్యూటర్ల మీదికి ఎక్కింది. మొదటి గదిలోనే మొరాయించింది.

"ఫైలే లేదంటోంది వదినా," ఫోనులో మరిది గొంతు. గట్టు మీద ఎలక్ట్రీషియన్ పని అతనిదే. "నా కళ్లెదురుగానే ఉంది. మళ్లీ మళ్లీ కాపీ చేశాను కూడా."

"ఇంకోసారి చెయ్యి, మొహమాటపడైనా కనపడుతుంది."

"వెటకారం తర్వాత. ఇంజినీరుగారు నెత్తి మీదే నిలబడ్డారు. పాత పద్ధతే నయం, మైకులిచ్చి మనుషుల్ని పంపిద్దాం అంటున్నారు."

వదినకి ఒళ్లు మండింది. మైకు గట్టు దాటేలోపు నీళ్లు దాటేస్తాయి.

"ఆ కంప్యూటర్లో పైథాన్ ఏ ఫోల్డర్లో ఉందో చూడు."

అతను చదివాడు. ఆఫీసులో ఉన్న ఫోల్డరు కాదది, వేరేది.

వదినకి చటుక్కున వెలిగింది. లేనిది స్క్రిప్టు కాదు, దాన్ని చదివి నడిపే పైథాన్. ఫలానా చోట ఉంటుందని మొదటి లైనులో తనే అడ్రసు రాసిపెట్టింది. ఈ కంప్యూటరు ఆ అడ్రసుకి వెళ్లి, ఎవరూ లేకపోయేసరికి, ఫైలు లేదని చేతులెత్తేసింది.

"ఆ అడ్రసు మార్చెయ్యనా?" అన్నాడు మరిది.

"మారిస్తే నీ గది ఒక్కటే మోగుతుంది. పక్క గదిలో మళ్లీ ఇదే భాగోతం. అడ్రసు తీసేసి, అక్కడ 'ఎన్వ్' అడ్రసు పెట్టి, పక్కన పైథాన్ పేరు రాయి. ఎన్వ్ అనే ఆ చిన్న ప్రోగ్రాము దాదాపు అన్ని కంప్యూటర్లలోనూ ఒకే చోట ఉంటుంది. పేరు చెబితే చాలు, ఆ మనిషి ఏ మూలనున్నా వెతికి పిలుచుకొస్తుంది."

ఆమె అక్షరం అక్షరం చెప్పింది. అతను కొట్టాడు. అదే ఫైలు మిగతా రెండు గదులకీ వెళ్లింది.

మొదటి సైరన్ ఫోనులోంచి చెవులు చిల్లులు పడేలా మోగింది. రెండోది కిటికీలోంచి వినపడింది. మూడోది చాలా దూరంగా, సన్నగా. దిగువన జనం మూటలు చంకనెత్తుకుని గట్టెక్కారు.

గేటు కదిలింది.

"ఎవరు రాశారయ్యా ఇది?" ఇంజినీరు అడగడం ఫోనులో వినిపించింది.

"మా వదినండీ," అన్నాడు మరిది, తనే రాసినంత దర్జాగా.

వదిన ఫోను పెట్టెయ్యలేదు. 'మా వదిన' అని ఇంకోసారి అంటాడేమోనని.