ఎర్ర లైటు పీకేసిన బండి

ఆ డీజిల్ కారు బావా బామ్మర్దులు కలిసి కొన్నది. పగలు బావ పెద్ద రోడ్డు మీద దూరపు ట్రిప్పులు వేసేవాడు. సాయంత్రం బామ్మర్ది సందుల్లో తిప్పేవాడు. నాలుగడుగులు పోవడం, ఇంజన్ ఆపడం, ఒకర్ని దించి ఇంకొకర్ని ఎక్కించుకోవడం, అదీ వాడి పని. ఉండేది ఒకే ఇంట్లో. మధ్యలో అక్క. ఒకడికి పెళ్లాం, ఇంకొకడికి తోడబుట్టింది.

కొన్నాళ్లకు, పొద్దున్నే బావ తాళం తిప్పితే సెల్ఫు మూలిగి ఆగిపోవడం మొదలైంది. వీధిలోవాళ్లను బతిమాలి తోయించుకోవాలి. ఒకసారి స్టార్టయిందా, పాతకాలపు డీజిల్ ఇంజన్‌కు కరెంటుతో పనిలేదు, అలా పరుగెడుతూనే ఉంటుంది. తన చేతిలో బండికి ఏ రోగమూ లేదు, వాడి చేతిలోంచి వచ్చాకే చస్తోంది. ఇంకేం, దొంగ దొరికాడనుకున్నాడు బావ.

లైట్లు వేసుకుని, పాటలు పెట్టుకుని బండిలో పడుకుంటున్నావని నిలదీశాడు. లేదన్నాడు బామ్మర్ది. అన్నీ ఆర్పి, చుట్టూ తిరిగి చూసుకునే ఇంట్లోకి వస్తున్నానన్నాడు. కొత్త బ్యాటరీ వేశారు. అదీ అంతే అయింది.

"బ్యాటరీ మారింది గానీ మనిషి మారలేదు" అన్నాడు బావ, తోసేవాళ్లందరి ముందూ. వాళ్లు పడీపడీ నవ్వారు. నవ్వడానికేం, వాళ్ల సొమ్మేం పోయింది?

అక్క తమ్ముణ్ణి వంటగదిలోకి పిలిచి, తలుపేసి, చేశానని ఒప్పేసుకోరా, గొడవ వదులుతుంది అంది. చెయ్యనిది ఎలా ఒప్పుకుంటానన్నాడు వాడు. బట్టలు సంచిలో కుక్కుకుని వెళ్లిపోయి ఇసుక లారీకి డ్రైవరుగా చేరాడు.

ఇక సాయంత్రాలు కూడా బావే తిప్పాడు. తెల్లారితే సెల్ఫు మళ్లీ మూలిగింది. ఈసారి తిట్టడానికి మనిషి లేడు. అప్పుడు గుర్తొచ్చాడు ఎలక్ట్రీషియను. ఊళ్లో అందరూ మీటరు మామ అంటారు.

మామ ఇంజన్ తిరుగుతుండగా బ్యాటరీకి మీటరు పెట్టాడు. ముల్లు పన్నెండు వోల్టులు దాటలేదు. గట్టిగా రేసు ఇమ్మన్నాడు. పద్నాలుగుకు ఎగిరి అక్కడే నిలబడింది. ఇంజన్ ఆపించి, ఊరికే తాళం తిప్పమన్నాడు. ఇంజన్‌ను ముందుగా వేడిచేసే హీటరు లైటు వెలిగింది. దాని పక్కన వెలగాల్సిన ఎర్ర లైటు, చార్జింగుది, వెలగలేదు.

"మాడిపోయుంటుంది మామా. పాత బండి కదా" అన్నాడు బావ.

మామ డాష్‌బోర్డు ఊడదీశాడు. "మాడిన బల్బు గూట్లోనే ఉంటుందయ్యా. ఇది ఖాళీ. ఎవడో పీకాడు."

పీకింది బావే. డీజిల్ బండి, హీటరు కాగేదాకా ఆగాలి. ఆ కాసేపూ ఎర్ర లైటు చూసి ఎక్కిన ప్రతివాడూ బండి బాగానే ఉందా అని అడుగుతున్నాడని, విసుగెత్తి పీకి పారేశాడు.

అది చూసుకోవడానికి మాత్రమే పెట్టిన లైటు కాదన్నాడు మామ. ఆ బల్బులోంచి పోయే కాస్త కరెంటే బ్యాటరీని నింపే డైనమోను లేపుతుందట. అది లేకపోతే ఇంజన్ బాగా ఉరికితేనే డైనమో లేస్తుంది. పెద్ద రోడ్డు మీద లేచింది. సందుల్లో లేవలేదు. పైగా అక్కడ హెడ్‌లైట్లు వేసుకునే తిరగాలి.

బావ అటునుంచి అటే ఇసుక రేవుకు పోయాడు. బామ్మర్ది లారీ టైర్లు తట్టి చూసుకుంటున్నాడు. బావ దాచకుండా అంతా చెప్పాడు. తప్పు నాదేరా, ఇంటికి రా అన్నాడు.

వాడు చివరి టైరు కూడా తట్టాకే మాట్లాడాడు.

"బల్బు పీకినందుకు కాదు బావా. తెలీక పీకావు. లైట్లు ఆర్పానని నేను మొత్తుకున్నాను. ఒక్క సాయంత్రం నా పక్కన కూర్చుని రాలేకపోయావా?"

బావ తలచుకుంటే రావచ్చు. పక్క సీటు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది.

"అక్కను చూడ్డానికి వస్తాను. బండి తాళం మాత్రం నాకివ్వకు" అని వాడు లారీ ఎక్కాడు.

ఇంటికొచ్చి బావ అక్కకు చెప్పాడు. బల్బు సంగతీ, వాడన్న మాటా. 

"నువ్వు తోసేవాళ్ల ముందు అన్నావు" అంది ఆమె. "నేను తలుపేసి అన్నాను. అంతే తేడా."